పద్నాలుగో ప్రశ్న

తుమ్మలకుంట తండా,
కారేపల్లి మండలం.
9 ఫిబ్రవరి 2025

తమ్ముడు రూప్లాకు,

అక్క మంగ్లి రాసేది. ఉత్తరం చూసి బెదరకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. చేతిలో ఫోన్ పెట్టుకొని కాగితం మీద రాయడమేందని నీ పెండ్లాం పుష్ప నవ్వుతుంది కావచ్చు, నవ్వనీ. ఫోన్ చేస్తే నువ్వు "అవ్ అక్కా, అవ్ అక్కా, మీటింగ్‌ల ఉన్న" అని పెట్టేస్తావు. కాగితానికి మీటింగ్ ఉందని చెప్పలేవు గదా. పైగా పదిహేనేళ్ళుగా అంగన్‌వాడీ రిజిస్టర్లు రాస్తున్న చెయ్యి నాది. ఊరికే ఉంటే దురద పెడుతుంది.

ముందు మంచి మాట. సెంటర్ కప్పు మీద మీ కంపెనీ బిగించిన ప్యానెళ్ళు రెండూ బాగా పనిచేస్తున్నాయి. ఫ్యాన్లు మొదటిసారి తిరిగిన రోజు ఇరవై మూడు మంది పిల్లలు అన్నం మానేసి మొఖాలు పైకెత్తి కూచున్నారు. ద్వాలి అత్త కర్ర పట్టుకొని వచ్చి ఫ్యాన్ కింద గంటసేపు కూచుంది. "నా మేనల్లుడు పట్నం కెల్లి గాలి పంపిండు" అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పింది. నాక్కూడా గర్వంగానే ఉంది, దాచడమెందుకు.

ఇక అడగాల్సిన మాట. మీ సోలార్ ప్లాంటుకని తండా పశువులు మేసే బీడులో ఇనుప గుంజలు దిగుతున్నాయి. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకే దాకా ఆ మిషన్ దబదబ కొడుతూనే ఉంది. నువ్వు జనవరిలో తండా మీటింగులో నిలబడి ఏం చెప్పినవో నీకు గుర్తుందా? "తూర్పు మూల ముట్టం. సీత్లా తల్లి రాళ్ళకాడికి బాట వదుల్తం. ప్యానెళ్ళ కింద గడ్డి పెరుగుతది, పశువులు ఎప్పటిలెక్కనే మేస్తయ్" అన్నావు. నీ మాట నమ్మి, అరవై ఒక్క ఇంటి గడప నేను తొక్కి, సమ్మతి కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాను. నువ్వు పంపిన పదకొండు పేజీల సర్వే పత్రం కూడా నేనే కూచుని నింపాను. తండా నమ్మింది నీ కంపెనీని కాదు, నన్ను.

ఖమ్మంలో ఆరేళ్ళుంటే మర్చిపోయావేమో గానీ, వానలు పడ్డాక ఒక మంగళవారం సీత్లా తల్లి, ఆమె ఆరుగురు అక్కచెల్లెళ్ళు అయిన ఆ ఏడు రాళ్ళకు ఎర్ర జాజు పూసి, గుగ్గిళ్ళు పోసి, తండాలో ఉన్న పశువునల్లా ఆ నైవేద్యం మీదుగా దాటిస్తేనే మనకు ఏడాది మొదలవుతుంది. దాటని పశువుకు రోగమొస్తదని అత్త భయం. రోగం సంగతి నాకు తెల్వదు, దాటే రోజున తండా అంతా ఒక్కచోట ఉంటుంది, అది నాకు తెలుసు. నీ బూరి ఆవు ఈసారి చూడితో ఉంది. బాపు నీకిచ్చిన దూడ, ఇప్పుడు దాని నడక చూస్తే తండా పెద్ద గోప్యా నాయక్ పెండ్లాం నడిచినట్టే ఉంటుంది.

మూల వదుల్తారు గదా? ఒక్క మాట రాయి.

మీ అక్క,
మంగ్లి

*

ఖమ్మం,
20 ఫిబ్రవరి 2025

డియర్ అక్కా,

నీ ఉత్తరం ఆఫీసుకే వచ్చింది. మా వాళ్ళంతా చుట్టూ చేరారు. ఈ కాలంలో ఉత్తరాలు రాసే అక్క ఎవరికుంటుందని నాని సార్ కూడా మెచ్చుకున్నారు. నాని సార్ అంటే మన సైట్ మేనేజర్, మధిర వైపు మనిషి, చాలా సాఫ్ట్.

టెన్షన్ పడకు. ప్రాజెక్టు మొత్తం ప్లాన్ ప్రకారమే పోతుంది. తూర్పు మూలను గ్రీన్ ప్యాచ్‌గా పెట్టాలని నేను పైకి రికమెండ్ చేశాను. ఫెన్సింగ్ అన్నది సేఫ్టీ కోసం, దానికి గేటు ఉంటుంది, గేటుకు తాళం ఉంటుంది, తాళం గోప్యా నాయక్ చేతిలో పెట్టిస్తాను. పండుగ రోజున తీసుకోవచ్చు. అయిపోయింది గదా, దానికి ఇంత పెద్ద ఉత్తరమా?

ఇంకో గుడ్ న్యూస్. ప్యానెళ్ళు కడిగే పని తండా ఆడవాళ్ళకే ఇప్పిస్తున్నాను. పద్నాలుగు మందికి పని. అందరికీ నువ్వే చెప్పు, నీ నోటితో చెప్తే బాగుంటుంది.

కొత్త విజిటింగ్ కార్డు ఇందులో పెట్టాను, చూసుకో. సీనియర్ ల్యాండ్ ఆఫీసర్! బాపు ఉంటే ఎంత మురిసేవాడో. బూరిని బాగా చూసుకో, దూడ పుడితే ఫోటో పంపు.

నీ తమ్ముడు,
రూపేష్

*

తుమ్మలకుంట తండా,
14 ఏప్రిల్ 2025

రూప్లాకు,

కార్డు చూశాను. రూపేష్ నాయక్ అట! బాపు పెట్టిన పేరు కంపెనీ గేటు దాటలేదన్న మాట. సరే, నీ పేరు నీ ఇష్టం. కార్డును నా సంచిలో పెట్టుకున్నాను.

కంచె మూసుకుంది. నాలుగు వైపులా, తూర్పు మూలతో సహా. గేటు ఒక్కటే, రోడ్డు వైపు. దాని తాళం గోప్యా నాయక్ దగ్గర లేదు, సెక్యూరిటీ వాడి మొలతాడుకు ఉంది. సీత్లా తల్లి రాళ్ళు లోపలున్నాయి, మేం బయటున్నాం. ద్వాలి అత్త జాలీకి మొఖం ఆనించి రాళ్ళను లెక్కపెట్టుకొని వస్తుంది, రోజూ. ఏడూ ఉన్నాయా అని నేను అడగాలి, ఉన్నాయని ఆమె చెప్పాలి. ఇది ఇప్పుడు మా ఇద్దరికీ పని.

ప్యానెళ్ళ కింద గడ్డి పెరుగుతుందన్నావు గదా. పెరిగింది. పెరగ్గానే నలుగురు వీపులకు డబ్బాలు కట్టుకొని వచ్చి గడ్డి మందు కొట్టారు. ఆ వాసన సెంటర్ దాకా వచ్చి పిల్లలు అన్నం కక్కుకున్నారు. మూడో రోజున అత్త మేకలు రెండు జాలీ కింద దూరి ఆ గడ్డి మేశాయి. నోట్లో నురగ, కాళ్ళు కొట్టుకోవడం, పొద్దుగూకే లోపే రెండూ చచ్చాయి. నేను చూశాను రూప్లా, నాకు ఇప్పటికీ అన్నం ముందు కూచుంటే అదే కళ్ళ ముందుకొస్తుంది. మీ సాఫ్ట్ మనిషి నాని సార్ దగ్గరకు పోయి అడిగితే ఏమన్నాడో తెలుసా? "బోర్డు పెట్టామండీ. మేకలకి చదువు రాకపోతే మేమేం చేస్తామండీ?" అని నవ్వాడు. నవ్వుతూ నాకు బిస్కెట్ ప్యాకెట్ అందించాడు. ఛీ! ఆ ప్యాకెట్ అక్కడే బల్ల మీద పెట్టి వచ్చాను.

ఇంకా విను. వారానికి మూడు ట్యాంకర్లు వస్తున్నాయి, ఆ అద్దాలకు స్నానం చేయించడానికి. మన బోరు మార్చిలోనే గాలి కక్కింది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు పొద్దంతా మంచినీళ్ళతో అద్దాలు కడిగి, ఇంటికి వచ్చి బిందె పట్టుకొని కిలోమీటరు నడుస్తున్నారు. పని గురించి వాళ్ళకు నా నోటితో చెప్పింది నేను. ఎదురుపడితే ఏమీ అనరు. "మంచిగున్నవా టీచరమ్మా" అంటారు. అంతకంటే తిడితేనే బాగుండు.

పశువులు మేత కోసం అడవిలోకి పోతున్నాయి. ఫారెస్టు వాళ్ళు కర్రలు పట్టుకొని తోలుతున్నారు. బూరి మోకాలికి దెబ్బ తగిలింది.

మూల ఎందుకు మూశారని అడిగితే నాని సార్ ఒకటే మాట: "సర్వేలో అక్కడ ఏమీ లేదని ఉందండీ." ఎవరు రాశారు ఆ మాట? ఏడు రాళ్ళు కనపడని కళ్ళు ఎవరివి? నాకు ఆ పేరు కావాలి. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తను, రాసి పంపు.

మంగ్లి అక్క

*

ఖమ్మం,
6 మే 2025

అక్కా,

పన్నెండు సార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను.

మేకల విషయం తెలిసి బాధపడ్డాను. అత్తకు నా తరఫున చెప్పు. గడ్డి మందు స్టాండర్డ్ ప్రొసీజర్ అట, నా డిపార్ట్‌మెంట్ కాదు.

సర్వే సంగతి హెడ్ ఆఫీసులో ఎవరో తప్పు ఎంట్రీ చేశారు. ఎవరని తవ్వడం వల్ల లాభం లేదు. పెద్ద ప్రాజెక్టులలో ఇట్లాంటివి జరుగుతాయి. నువ్వు మండలాఫీసులో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టావని విన్నాను. వద్దక్కా. నా మాట విను. దాన్ని వాపసు తీసుకో. నేను కారణం లేకుండా చెప్పను.

దీనికి నేను సొల్యూషన్ తెచ్చాను. కంపెనీ తన సీఎస్ఆర్ ఫండ్‌తో సీత్లా తల్లికి గుడి కట్టిస్తుంది! గేటు పక్కన, రోడ్డు మీద, అందరికీ కనపడేటట్టు. నేనే పోట్లాడి సాంక్షన్ చేయించాను. ఇన్నేళ్ళూ ఎండలో వానలో ఉన్న తల్లికి నీడ దొరుకుతుంది. జూన్ మొదటి వారంలో రెడీ. నీకు సంతోషంగా ఉంటుందనుకుంటున్నా.

రూపేష్

*

తుమ్మలకుంట తండా,
12 జూన్ 2025

రూప్లా,

గుడి చూసి వచ్చి రాస్తున్నాను. చేతులు రెండుసార్లు కడుక్కొని కూచున్నాను.

నడుము ఎత్తు సిమెంటు గద్దె. దానికి చుట్టూ తెల్ల టైల్స్, మధ్యలో నీలం పువ్వు. ఆ టైల్స్ నేను ఇంతకు ముందే చూశాను, మీ సైట్ ఆఫీసు పాయిఖానాలో అవే వేశారు. పనికి మిగిలినవి తల్లికి. పైన రేకు, రేకు మీద చిన్న ప్యానెల్, దాని కింద లైటు. ముందర ఇనుప గ్రిల్, దానికి తాళం. గోడ మీద దేవత పేరు చిన్న అక్షరాల్లో, మీ కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో.

రాళ్ళను ఎట్లా తెచ్చారో తెలుసా? మట్టి ఎత్తే బండి ముందు తొట్టిలో. తండాలో ఒక్క మనిషిని పిలవలేదు. ద్వాలి అత్త జాలీ దగ్గరే ఉంది ఆ పొద్దు. "నా తల్లులను పెంటను ఎత్తినట్టు ఎత్తిండ్రు బిడ్డా" అంది. ఆమె నాతో అట్లా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఆ ఏడు రాళ్ళకూ సిల్వర్ పెయింటు వేసి, సిమెంటులో పాతి, దారానికి పూసలు గుచ్చినట్టు వరస పెట్టారు. ప్రారంభానికి నాని సార్ కొబ్బరికాయ కొట్టి ఫోటో దిగాడు. బూట్లు ఇప్పలేదు.

నీకు ఇది గుడి. నాకు ఇది బోను. గ్రిల్ వెనక నడుము ఎత్తు గద్దె మీదుగా పశువును ఎట్లా దాటిస్తావురా? ఆవుకు నిచ్చెన వేస్తావా? తల్లికి నీడ కావాలని ఎవరన్నా నిన్ను అడిగిండ్రా? మన దేవతలకు కప్పు ఉండదు, గోడ ఉండదు. ఎందుకంటే పశువు రావాలి, పశువుకు ద్వారం తెల్వదు. ఇది నువ్వు తల్లి కడుపులోంచే నేర్చుకొని వచ్చినది, కంపెనీ నీకు చెప్పలేదని మర్చిపోయావా?

దరఖాస్తు వాపసు తీసుకోను. సర్వే కాగితం నకలు నెలాఖరుకు ఇస్తామన్నారు. అక్కడ ఏమీ లేదని రాసిన వాని పేరు నాకు తెలియాలి. వచ్చే నెల ఎనిమిదో తారీఖు మంగళవారం పండుగ. ఆ రోజు తండా అంతా ఉంటుంది. వాడు ఎవరైనా సరే, అందరి ముందు వాని పేరు నేను చెప్తాను. గోప్యా నాయక్‌కు మాటిచ్చాను.

మంగ్లి

*

ఖమ్మం,
24 జూన్ 2025

అక్కా,

నీకు కాగితం మండలాఫీసు నుంచి రాకముందే నేనే పంపుతున్నాను. జిరాక్స్ ఇందులో ఉంది. కూచుని చూడు.

పద్నాలుగో ప్రశ్న: "సదరు భూమిలో మతపరమైన కట్టడాలు ఉన్నాయా?" దాని ఎదురుగా "లేవు" అని ఉంది. ఆ చేతిరాత ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. లకారానికి అట్లా తోక లాగేది మన ఇంట్లో ఒక్కరే. చివరి పేజీలో సంతకం, అంగన్‌వాడీ ముద్ర కూడా ఉన్నాయి.

హెడ్ ఆఫీసులో ఎవరో రాశారని అబద్ధం చెప్పింది నిన్ను కాపాడటానికే. రెండు నెలలు నీ తిట్లు పడ్డాను గానీ నీ పేరు బయటపెట్టలేదు. అది కూడా కాస్త ఆలోచించు.

అవును, ఆ రోజు నువ్వు ఫోన్ చేసి అడిగావు. కట్టడం అంటే గోడలు, స్లాబు ఉండాలని నేను చెప్పిన మాట నిజమే. తప్పేం చెప్పాను? డిక్షనరీ తీసి చూసినా అదే ఉంటుంది. రాళ్ళు కట్టడం కాదు. కానీ రాసింది నువ్వు, సంతకం నీది. నేను రాయలేదు.

ఇప్పుడు నువ్వు తండా ముందు నిలబడి పేరు చెప్తానంటున్నావు. చెప్తే నీ ఉద్యోగం పోతుంది. పదిహేనేళ్ళ పేరు పోతుంది. నన్నూ లాగుతారు. ఎవరికి లాభం? గోప్యా నాయక్‌కు ఇంకా ఏమీ తెలియదు. నకలు వచ్చాక చింపేయి. హెడ్ ఆఫీసు తప్పు అనే మాట మీదే ఇద్దరం ఉందాం. రెండేళ్ళలో అందరూ మర్చిపోతారు. గుడి కూడా అలవాటైపోతుంది.

ఈ ఉత్తరం చదివి చింపేయి.

రూపేష్

*

తుమ్మలకుంట తండా,
10 జూలై 2025

రూప్లా,

చింపలేదు. నీ ఉత్తరాలన్నీ ఒక పాలిథిన్ సంచిలో ఉన్నాయి.

జిరాక్స్ చూశాను. నా రాతే. జనవరిలో పిల్లలకు అన్నాలు పెట్టి, గిన్నెలు తోమించి, ఆ పదకొండు పేజీలు ముందేసుకొని కూచున్న పొద్దు గుర్తొచ్చింది. ప్రతి సర్కారు కాగితంలోనూ గుడి, బడి, దవాఖానా అని అడుగుతారు, తండాకు గుడి లేదు గనుక లేదు అని రాస్తూ వచ్చిన దాన్ని. అయినా ఆ రోజు చెయ్యి ఆగింది. ఆగబట్టే నీకు ఫోన్ చేశాను. రాళ్ళ సంగతి ఏందిరా అని అడిగాను. "అక్కా, కట్టడమంటే గోడలుండాలె, స్లాబుండాలె. రాళ్ళు కట్టడమెట్లయితయ్? లేవు అని కొట్టెయ్, జల్దీ" అన్నావు. కొట్టేశాను. అదే వారం ఫ్యాన్లు బిగించారు.

ఇంకో మాట, ఇది నీకు కూడా తెలియదు. ఏప్రిల్‌లో నాని సార్ "సర్వేలో ఏమీ లేదని ఉంది" అన్నప్పుడే ఆ పేపరు నింపింది నేనే గదా అనిపించింది. అనిపించగానే ఆ ఆలోచన గొంతు నొక్కి, నీ మీద, హెడ్ ఆఫీసు మీద అరవడం మొదలుపెట్టాను. ఎంత గట్టిగా అరిస్తే అంత వినపడకుండా ఉంటుందని. నీ మీద అసహ్యం ఉంది, నిజమే. కానీ అద్దంలో చూసుకున్నప్పుడు వచ్చే రోత ఇంకో రకం. నన్ను కాపాడానంటున్నావు, నన్ను ఎవరూ కాపాడవద్దు అనుకున్నాను.

మంగళవారం సంగతి రాస్తాను, విను.

పొద్దున్నే ఆడవాళ్ళు గుగ్గిళ్ళ గంపలతో గుడి దగ్గరకు పోయారు. గ్రిల్‌కు తాళం. ద్వాలి అత్త ఎవరినీ అడగలేదు. గడ్డపార తెప్పించి తాళం పగలగొట్టించింది. ఒక్కొక్క రాయినీ సిమెంటులోంచి ఊడబెరికి, కొంగులో పెట్టుకొని, బాలింత బిడ్డను తెచ్చినట్టు తెచ్చి, గేటు ముందర కంపెనీ కంకర రోడ్డు మీద వరసగా పెట్టారు. సిల్వర్ పెయింటు మీదనే జాజు పూశారు. లోపలి నుంచి రెండు లారీలు వచ్చి ఆగిపోయాయి. నాని సార్ పరుగెత్తుకొచ్చి, "అమ్మా, మీకోసం టైల్స్ వేసి కట్టించాం కదండీ, ఇలా రోడ్డు మీద పెట్టుకుంటారేంటండీ" అన్నాడు. "మా తల్లులకు పాయిఖానా వద్దు సారూ" అంది అత్త. అంతే, మళ్ళీ అతని వైపు చూడలేదు.

పశువులను తోలే ముందు నేను నిలబడ్డాను. మన బాసలోనే చెప్పాను. "ఏమీ లేదని రాసింది నేను. నా తమ్ముడు చెప్పిండు, నేను రాసిన. సంతకం నాది" అన్నాను. జిరాక్స్ గోప్యా నాయక్ చేతిలో పెట్టాను.

ఎవరూ తిట్టలేదు. అదే కష్టమైంది. గోప్యా నాయక్ కాగితం మడిచి అన్నాడు: "ఈ యేడు మీ అక్కతమ్ముల పశువులు దాటయి. పక్కకు నిలబెట్టు." తండాలో ఇంత కంటే పెద్ద మాట లేదని నీకు తెలుసు. నేను అవ్ అన్నాను.

అరవై ఇండ్ల పశువులు దాటాయి. నేను వేప చెట్టు కింద నా రెండు బర్రెలను, నీ బూరిని పట్టుకొని నిలబడ్డాను. బర్రెలు ఊరుకున్నాయి. బూరి ఊరుకోలేదు. ఏడేళ్ళుగా దాటుతున్న ఆవు, మిగతావన్నీ పోతుంటే తను ఎందుకు ఆగాలో దానికి అర్థం కాలేదు. నిండు చూడితో ఉన్నా ఒక్క గుంజు గుంజింది. పలుపు పుటుక్కున తెగి, పోయి మందలో కలిసి, రాళ్ళ మీదుగా దుంకింది. ఇద్దరు మగవాళ్ళు వెనక్కి తోలబోతే ద్వాలి అత్త కర్ర అడ్డం పెట్టింది. "దాన్ని పోనియ్యిండ్రి. అది ఏ కాయితం రాయలే" అంది.

తెగిన పలుపు ముక్క నా చేతిలో ఉండిపోయింది.

ఇప్పుడు నీతో పని. గోప్యా నాయక్ పెట్టిన అర్జీ మీద ఈ నెల ఇరవై ఎనిమిదిన ఖమ్మంలో విచారణ ఉంది. సర్వే తప్పని నేను ఒప్పుకుంటాను. కానీ అక్కడ రాళ్ళున్నాయని కంపెనీకి ముందే తెలుసు అన్నది తేలాలి, అప్పుడే మూల తిరిగి వస్తుంది, పశువులకు బాట వస్తుంది. అది చెప్పగలిగింది నువ్వు ఒక్కడివే. నువ్వు రావక్కర్లేదు. రెండు లైన్లు రాయి: ఆ మూలలో సీత్లా తల్లి రాళ్ళున్న సంగతి నాకు తెలుసు, లేవు అని రాయమని మా అక్కకు చెప్పింది నేనే అని. కింద సంతకం పెట్టు. రూపేష్ అనైనా సరే, రూప్లా అనైనా సరే.

నిన్ను ఇంకేమీ అడగను. ఈ జన్మకు ఇదొక్కటే.

అక్క

*

అశ్వారావుపేట,
24 జూలై 2025

అక్కా,

నన్ను ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ చేశారు. చుట్టూ పామాయిల్ తోటలు, ఎవరూ తెలియదు. నీ ఉత్తరం తిరిగి తిరిగి నిన్న చేరింది. పుష్పకు చూపించలేదు.

రాద్దామని నాలుగుసార్లు కూచున్నాను, నమ్ము. ఇంటి లోను ఉంది, పాప ఇంగ్లీష్ మీడియంలో ఉంది. కంపెనీకి ఎదురు రాసిన వాణ్ణి ఇంకే కంపెనీ తీసుకోదు. నీకైతే తండా ఉంది. నాకు ఇప్పుడు అది కూడా లేదు.

ఒక లాయరును అడిగి స్టేట్‌మెంట్ టైపు చేయించాను. ఇందులో పెట్టాను. చదివితే నీకే అర్థమవుతుంది, అన్నీ కవర్ అవుతాయి. బూరి దూడను ఈనిందా?

రూపేష్

(జత చేసిన కాగితం, టైపు చేసినది:)

సంబంధిత వారికి. పై విషయమై తెలియజేయునది ఏమనగా, సదరు సర్వే సందర్భంగా స్థానిక ఆచారాల పట్ల కొంత అవగాహనా లోపం చోటుచేసుకుని ఉండవచ్చును. సదరు లోపమునకు ఏ ఒక్క వ్యక్తినీ బాధ్యులను చేయజాలము. కంపెనీ స్థానిక ప్రజల మనోభావాలను ఎల్లప్పుడూ గౌరవించును.

(సంతకం చోట ఖాళీ.)

*

తుమ్మలకుంట తండా,
1 ఆగస్టు 2025

రూప్లాకు,

విచారణ అయింది. నీకు తెలియాలి గనుక రాస్తున్నాను.

ఆఫీసరు ఆడమనిషి. ఓపికగానే విన్నది. సర్వే కాగితం చూపించి "ఇది మీ రాతేనా?" అని అడిగింది. అవునన్నాను. "ఎవరు చెప్తే రాశారు?" అంది. మా తమ్ముడు రూప్లా, కంపెనీలో ల్యాండ్ ఆఫీసరు అన్నాను. వెంటనే నాని సార్ లేచాడు. "మేడమ్, రూప్లా అనే ఉద్యోగి మా కంపెనీలో ఎవరూ లేరండీ. కావాలంటే లిస్టు చూసుకోండి" అన్నాడు.

అబద్ధమేమీ ఆడలేదు. పద్నాలుగో ప్రశ్నకు నేను రాసినంత నిజం అది. నీ కార్డు మీద కొత్త పేరు చూసి, నీ పేరు నీ ఇష్టం అని రాసింది నేనే! ఆ పేరు ఇట్లా పనికొస్తుందని నీకు కూడా తెలిసి ఉండదు.

నా సంచిలో నీ విజిటింగ్ కార్డు ఉంది. తియ్యకపోతే నువ్వు బతికిపోయేవాడివి. ఒకసారి సంచిలో చెయ్యి పెట్టి వెనక్కి తీసుకున్నాను, అది కూడా రాస్తున్నాను. తర్వాత తీసి బల్ల మీద పెట్టాను. కార్డు, దాని పక్కన నీ జూన్ ఉత్తరం, గోడలుంటేనే కట్టడమని ఫోన్లో నాకు చెప్పినట్టు నువ్వు ఒప్పుకున్నది. దాని కింద సంతకం ఉంది. చింపేయమన్న కాగితం మీద సంతకం పెట్టావు, పంపమన్న కాగితం మీద పెట్టలేదు.

ఆఫీసరు రెండూ చదివి మళ్ళీ సర్వే చేయమని రాసింది. మూల తిరిగి వస్తుందో రాదో తెలియదు, అప్పటిదాకా రాళ్ళు అత్త వాకిట్లో ఉన్నాయి. మొన్న కొత్త ఫారం వచ్చింది, గోప్యా నాయక్ తెచ్చి నా ముందే పెట్టాడు. "నువ్వే రాయి. రాసుడు వచ్చింది నీకే గదా" అన్నాడు. అది క్షమించడమో, శిక్షో నాకు తెలియలేదు. పద్నాలుగో ప్రశ్న అట్లనే ఉంది, కట్టడాలు ఉన్నాయా అని. ఎదురుగా వేలెడంత డబ్బా. ద్వాలి అత్తను పక్కన కూచోబెట్టుకొని, డబ్బా గీత దాటి, పేజీ చివరి దాకా రాశాను. కట్టడాలు లేవు, ఏడుగురు తల్లులున్నారు, ఏటా వాళ్ళ మీదుగా అరవై ఒక్క ఇండ్ల పశువులు దాటుతాయి, వాళ్ళకు గోడలు ఉండకూడదు అని. అత్త ఒక్కొక్క మాటా నాతో చదివించుకొని వేలిముద్ర వేసింది.

సెంటర్ కప్పు మీది ప్యానెళ్ళు పీకేద్దామనుకున్నాను. అత్తే వద్దంది, "పోరగాండ్లేం జేసిండ్రు" అని. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పిల్లలు వాటి కింద పడుకుంటారు, నేను వాకిట్లో కూచుంటాను.

బూరి ఈనింది. కోడెదూడ. తల్లీ బిడ్డా ద్వాలి అత్త దొడ్లో ఉన్నాయి, నా దొడ్లో కావు. దాటిన పశువు తండాదని నాయక్ చెప్పాడు, నేను ఎదురు చెప్పలేదు.

సంతకం లేని నీ కాగితం ఇందులో తిరిగి పంపుతున్నాను. దాన్ని చుట్టి కట్టిన పలుపు ముక్క కూడా నీదే.

మంగ్లి,
అంగన్‌వాడీ టీచర్,
తుమ్మలకుంట తండా